గర్భకోశము - దాని నిర్మాణము, దాని ధర్మము

రేడియో సాధారణముగా ఇంటి నడిమి గదిలో నుండును. దాని చుట్టును ఇంటిల్లిపాదియు చేరును. నేటి ప్రసంగ విషయము పేరు వినగానే ఎవరో యొకరు లేచి మర త్రిప్పబోదురేమో! ఆ చేతిని ఒక పావుగంట సేపు ఆపవలసినదని మా మనవి. గుండెను గూర్చియు, ఊపిరితిత్తులను గూర్చియు, మూత్రపిండములను గూర్చియు మనము అందరమును కలిసి కూర్చుండియే వినుచున్నాము. మనలో ప్రతి యొక్కరును తొమ్మిది నెలలు నివసించి వచ్చిన ఇంటిని గూర్చి వినుటకు మాత్రము సిగ్గుపడనేల? ఈ సిగ్గు వలన కలుగు నష్టము ఎంతటిదో ప్రసంగము ముగియు లోపల మీకే తెలియగలదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకును, తార్నాకకును చేరువనే లాలాపేట గలదు. విజయ పాలకేంద్రము ఆ పేటలోనిదే. రైల్వేలో పనిచేయువారు, విశ్వవిద్యాలయములో చిన్న ఉద్యోగములు చేయువారు, ఇండ్లలో పనిపాటలు చేసికొను స్త్రీలు ఆ చుట్టుపట్ల అనేకులు నివసించుచున్నారు. ఒక మధ్యాహ్నము మేము ఆ పేటలో పది పన్నెండుగురు స్త్రీలతో కూర్చుండి మాటలాడితిమి. మొదట ఎవరును నోరు విప్పలేదు. పిమ్మట ఒక పెద్దమ్మ నవ్వుచు మొదలుపెట్టగా తక్కినవారికి ధైర్యము కలిగెను. ఆనాడు వారు అడిగిన ప్రశ్నలలో మూడు మాకు మరపునకు రాలేదు.

మొదటిది ఒక బాలింతరాలి ప్రశ్న: "ముట్టుల పోయేది చెడు నెత్తురే గదమ్మా? ఎంత పోతే అంత మంచిదంటరు, నిజమేనా?" రెండవది ఆ పెద్దమ్మ ప్రశ్న: "పిల్లలు కాకుండ ఆపరేషను చేయించుకున్నంక నెలనెల గుడ్డు ఎటు పోతది?" మూడవది ముప్పది రెండేండ్ల యొక తల్లి ప్రశ్న: "పిల్లలైపోయినంక సంచితోని ఏం పని? తెల్లబట్ట అయితున్నది. తీసేయించుకుంటే పీడ పోతదని అందరంటున్నరు." 

ఈ మూడు ప్రశ్నలును తెలివిగలవే. వీనికి సమాధానము చెప్పుటయే నేటి మా ప్రయత్నము.

మొట్టమొదట ఈ అవయవములు ఎచ్చట నున్నవో చూతము. నడుమునకు దిగువ రెండు ప్రక్కల తుంటి ఎముకలును, వెనుక వెన్నెముక తుది భాగమును కలిసి ఒక గిన్నెవలె ఏర్పడియున్నవి. ఈ ఎముకల గిన్నెలో ముందు మూత్రాశయమును, వెనుక పురీషనాళమును గలవు. ఈ రెండింటి నడుమ గర్భకోశము గలదు. మన ఇండ్లలో దీనినే 'సంచి' యందురు. సంచి యనగానే పలుచని ఖాళీ గుడ్డసంచి మనసునకు తోచును. అది సరియైన ఊహ కాదు. గర్భకోశము దళసరి కండరముతో నిర్మింపబడినది. ఆకారమున తలక్రిందుగా నుంచిన చిన్న జామకాయను బోలియుండును. పొడవు సుమారు 7.5 సెంటీమీటర్లు, వెడల్పు 5 సెంటీమీటర్లు, మందము 2.5 సెంటీమీటర్లు. బరువు సుమారు 50, 60 గ్రాములు. పిడికిలిలో ఇమిడిపోగల ఈ అవయవమే నిండుచూలాలి యందు ఒక కిలోగ్రాము బరువునకు పెరిగి, మూడు కిలోల శిశువును మోయగలదు. ప్రసవమైన ఆరు వారములలో మరల ఇంచుమించు పూర్వపు పరిమాణమునకు వచ్చును. శరీరమున మరి యే అవయవమును ఇట్లు పెరిగి తరుగుట కానము.

దీని గోడకు మూడు పొరలు. వెలుపల పలుచని పొర. నడుమ కండరము. లోపల మెత్తని పొర. నెలనెలయు పెరుగుచు రాలుచు నుండునది ఇదియే. జామకాయ తొడిమవైపు భాగము క్రిందికి వంగి సన్నబడియుండును. దీనిని గర్భాశయ కంఠము అందురు. ఈ కంఠము యోనిమార్గములోనికి తెరచుకొనును. ఇచ్చట ఒక ముఖ్య విషయము చెప్పవలసియున్నది. స్త్రీలకు క్రింద మూడు ద్వారములు గలవు. ముందున్నది మూత్రద్వారము, నడిమిది యోనిద్వారము, వెనుకనున్నది మలద్వారము. మూత్రమును, ముట్టు రక్తమును ఒకే దారిని వచ్చునని భావించు స్త్రీలు నేటికిని ఉన్నారు. మూత్రమార్గము స్త్రీలలో నాలుగు సెంటీమీటర్లు మాత్రమే పొడవుండుటచే దానికి మలద్వారపు క్రిములు సులభముగా సోకును. కావున శుభ్రపరచుకొనునప్పుడు ముందునుండి వెనుకకే కడుగవలెను గాని వెనుకనుండి ముందునకు కడుగరాదు. ఈ చిన్న మాట ఆడపిల్లలకు చిన్ననాడే నేర్పినచో అనేక మూత్రవ్యాధులు తప్పిపోవును.

గర్భకోశపు పైభాగమున రెండు ప్రక్కల రెండు సన్నని గొట్టములు బయలుదేరును. ఒక్కొక్కటి సుమారు 10 సెంటీమీటర్ల పొడవు. పదునారవ శతాబ్దమున ఇటలీ దేశపు వైద్యుడు ఫెలోపియో వీనిని వర్ణించుటచే ఇవి ఫెలోపియన్ నాళములని పేరుపొందినవి. అండమును కొనిపోవునవి కావున మనము అండవాహికలందము. వీని చివరలు చేతివ్రేళ్లవలె చీలి, అండాశయములకు దాపుగా నుండును. అండాశయములు రెండు. ఒక్కొక్కటి పెంకు తీసిన బాదముపప్పు కంటె కొంచెము పెద్దది. అండములను పక్వము చేయుటయు, హార్మోనులను స్రవించుటయు వీని రెండు పనులు. ఈ రెండవ పనిని మీరు జ్ఞాపకముంచుకొన గోరెదము. మూడవ ప్రశ్నకు సమాధానము అందే యున్నది.

మన ప్రాచీన వైద్యులకు ఈ విషయమున ఆసక్తి లేకపోలేదు. సుశ్రుత సంహితలో స్త్రీ జననాంగమును మూడు చుట్లు గల శంఖనాభితోను, గర్భశయ్యను రోహిత మత్స్యపు నోటితోను పోల్చి చెప్పియున్నారు. రోహిత మత్స్యమనగా మన శీలావతి చేప. లోపల విశాలమై ద్వారమున ఇరుకైనదని ఆ పోలికకు భావము. కంటితో చూచినదానిని వారు చక్కగనే పోల్చిరి. కాని కంటికి కష్టముగ నగపడు అండము సంగతి తెలియుటకు సూక్ష్మదర్శిని రావలసి వచ్చెను. 1827లో కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేయర్ అను శాస్త్రజ్ఞుడు క్షీరదముల అండమును మొదటిసారి కనుగొనెను. అనగా సంతానోత్పత్తిలో స్త్రీ వంతు ఏమియో సరిగా తెలిసి ఇంకను రెండు వందల సంవత్సరములే యైనది. అంతవరకు స్త్రీ కేవలము క్షేత్రమనియు, బీజము పురుషునిదే యనియు లోకమున అనేకులు తలచిరి.

నిజమునకు ఆడశిశువు తల్లి గర్భమున నుండగనే ఆమె అండములన్నియు సిద్ధమగును. ఐదవ నెల నాటికి అరువది, డెబ్బది లక్షలుండి, పుట్టునాటికి పది, ఇరువది లక్షలకు తగ్గి, ఈడేరునాటికి మూడు నాలుగు లక్షలు మిగులును. వీనిలో జీవితకాలమున పక్వమై వెలువడునవి నాలుగైదు వందలే. గర్భవతియగు స్త్రీ ఆడశిశువును మోయుచున్నప్పుడు, ఆ శిశువు కనబోవు బిడ్డల అండములను గూడ తానే మోయుచున్నదన్నమాట. గర్భిణి పోషణ మూడు తరముల పోషణ యనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

ఇక ఋతుచక్రము. మెదడు అడుగున శనగగింజంత పీయూషగ్రంథి గలదు. ఇది హార్మోనుల ద్వారా అండాశయమునకు ఆజ్ఞ పంపును. అండాశయమున కొన్ని అండకోశములు పెరుగనారంభించి, సాధారణముగా ఒక్కటి మాత్రము పక్వమగును. పెరుగుచున్న కోశము ఈస్ట్రోజన్ అను హార్మోనును స్రవించును. దాని ప్రభావమున గర్భకోశపు లోపలిపొర దళసరి యగును. ఇరువది యెనిమిది దినముల చక్రములో ఇంచుమించు పదునాలుగవ నాడు కోశము పగిలి అండము వెలువడును. పగిలిన కోశము పసుపుపచ్చని చిన్న గ్రంథిగా మారి ప్రొజెస్టిరాన్ అను రెండవ హార్మోనును స్రవించును. దానితో లోపలిపొర రక్తముతోను, పోషక రసములతోను నిండి, రాబోవు అతిథికి మెత్తని పడకవలె సిద్ధమగును. అతిథి రానిచో రెండు వారములలో ఆ గ్రంథి వాడిపోవును, హార్మోను తగ్గును, పొర రాలిపోవును. అదియే ముట్టు. చక్రము అందరికిని సరిగా ఇరువది యెనిమిది దినములే యుండవలెనన్న నియమము లేదు. 21 దినములనుండి 35 దినములవరకు సహజమే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. ముట్టున పోవునది చెడు రక్తము కాదు. చేతికి గాయమైనచో కారునది ఏ రక్తమో, ఇదియు ఆ రక్తమే. దానితోబాటు గర్భకోశపు పొర తునుకలును, కొంత జిగురును వచ్చును. శిశువునకు సిద్ధపరచిన పడక బట్టలు అవసరము లేక తీసివేయుట వంటిది. దీనిలో మైల యేమియు లేదు. ఒక మారు పోవు రక్తము సగటున 30, 40 మిల్లీలీటర్లు. పెద్ద చెంచాతో రెండు మూడు చెంచాలు. 80 మిల్లీలీటర్లు మించినచో ఎక్కువగా పోవుచున్నట్లు. గడ్డలు గడ్డలుగా పడుచున్నను, ఏడు దినములు దాటినను, గంట గంటకు గుడ్డ మార్చవలసి వచ్చినను "చెడు పోవుచున్నది, మంచిదే" యని ఊరకుండరాదు; డాక్టరుకు చూపవలెను. మిల్లీలీటరు రక్తములో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉండును. అనగా సామాన్యపు ముట్టులోనే నెలకు పదిహేను మిల్లీగ్రాముల ఇనుము పోవును. పురుషునకు లేని ఈ వ్యయము స్త్రీకి నెలనెలయు గలదు. అయినను ఇంట భోజనపు వరుసలో చివర కూర్చుండునది ఆమెయే.

మన పెద్దలు ఈడేరిన పిల్లకు నువ్వులును బెల్లమును దంచి చిమ్మిలి పెట్టుచుండిరి. అది మంచి ఆచారము. నువ్వులలో ఇనుమును, సున్నపు ధాతువును గలవు. కాని ఆ శ్రద్ధ పదునొకండు దినములతో ముగిసి, పిమ్మట ముప్పది యేండ్లు పిల్ల మాట మరచిపోవుట మంచి ఆచారము కాదు. ముట్టునాడు విశ్రాంతి నిచ్చుట మేలే. దూరముగా కూర్చుండబెట్టి చల్లారిన మెతుకులు పెట్టుట మేలు కాదు.

ఈ రక్తహీనత కథలో లాలాపేట పొరుగున గల యొక సంస్థకు గొప్ప పాత్ర గలదు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు నీలగిరులలోని కూనూరులో ఒక చిన్న గదిలో ఆహార పరిశోధన ఆరంభించెను. 1928లో ఇంగ్లండు నుండి లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయికి వచ్చెను. అచ్చటి బట్టలమిల్లులలో పనిచేయు స్త్రీలు గర్భముతో నున్నప్పుడు తీవ్రమైన యొక విధపు రక్తహీనతతో మరణించుచుండిరి. దాని కారణము వెదకుచు ఆమె 1929లో కొన్ని నెలలు కూనూరులో గూడ పరిశోధించెను. ఆ స్త్రీల ఆహారమున ఏదియో కొరవడుచున్నదనియు, చవకగా దొరకు ఈస్టు సారము నిచ్చినచో వారు కోలుకొనుచున్నారనియు 1931లో ప్రకటించెను. ఆ కొరవడిన వస్తువును 1941లో అమెరికాలో పాలకూర నుండి వేరుచేసి, లాటిన్ భాషలో ఆకు అను అర్థము గల పదము నుండి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టిరి. ఆకుకూరల మహిమ అట్టిది!

ఆ కూనూరు సంస్థ 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి తార్నాకలో స్థిరపడెను. 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందెను. డాక్టర్ సి. గోపాలన్ నాయకత్వమున గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు ఏమి తినుచున్నారు, ఏమి కొరవడుచున్నది అను విషయములపై ఇచ్చట విస్తారమైన పరిశోధన జరిగెను. 1970లో దేశమంతట గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలు పంచు కార్యక్రమము ఆరంభమయ్యెను. ఆరోగ్య కేంద్రములలో నేటికిని ఉచితముగా లభించు మాత్రలు ఆ వరుసలోనివే. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో దేశమున నూటికి 57 మంది రక్తహీనులని తేలినది. తెలంగాణలో 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8. పరిశోధనశాల ప్రక్కవీధిలో నున్నను, మాత్ర నోటిలోనికి చేరనిదే ప్రయోజనము లేదు. మాత్రతో మలము నల్లబడునని భయపడి మానివేయువారు గలరు. అది హానికరము కాదు. భోజనమైన వెంటనే టీ త్రాగినచో ఆహారములోని ఇనుము సరిగా వంటబట్టదు. ఒక గంట ఆగి త్రాగవలెను. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకొన్నను, భోజనముతో ఒక జామపండు తిన్నను ఇనుము ఎక్కువగా వంటబట్టును.

ఇక గర్భధారణ. వెలువడిన అండము జీవించి యుండునది ఒక్క దినము. పురుష బీజకణములు ఐదు దినములవరకు స్త్రీ శరీరమున జీవింపగలవు. రెండును కలియునది గర్భకోశమున గాదు, అండవాహికలో. కలిసిన పిండము విభజన చెందుచు ఐదారు దినములకు గర్భకోశము చేరి, సిద్ధమైన పడకలో నాటుకొనును. ఆడ మగ నిర్ణయము ఆ కలయికనాడే జరుగును. స్త్రీ అండములన్నియు ఒకే విధమైన ఎక్స్ క్రోమోజోము గలవి. పురుష బీజములలో సగము ఎక్స్, సగము వై. వై వచ్చి కలిసిన మగశిశువు, ఎక్స్ వచ్చి కలిసిన ఆడశిశువు. ఆడపిల్లను కన్నదని కోడలిని నిందించు అత్తగార్లు ఈ యొక్క విషయము వినినను మా ప్రసంగము సార్థకమైనట్లే.

పిండము నాటుకొన్న చోట మాయ ఏర్పడును. తల్లి రక్తమును, బిడ్డ రక్తమును ఇందు కలిసిపోవు. పలుచని తెర కిరువైపుల ప్రవహించును. ఆ తెర గుండ ప్రాణవాయువు, ఆహారము బిడ్డకు చేరును. మలినములు తల్లికి చేరును. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడు నాళము గర్భము నిలిచిన నాలుగు వారములలోనే మూసికొనవలెను. అప్పటికి అనేకులకు గర్భవతులమని తెలియనే తెలియదు. ఫోలిక్ ఆమ్లము చాలనిచో ఆ నాళము సరిగా మూసికొనక శిశువు వికలాంగముతో పుట్టవచ్చును. కావున ఈ మాత్ర గర్భము నిలువక మునుపే మొదలిడుట మేలు. గర్భకాలమంతటికిని కలిపి తల్లికి సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము అదనముగా కావలెను. నిలువలు లేని శరీరము అంత ఎచ్చటి నుండి తేగలదు?

ప్రసవ సమయమున గర్భకోశము చేయు పని ఆశ్చర్యకరము. నిండునెలలలో నిమిషమునకు అర లీటరుకు పైగా రక్తము గర్భకోశమునకు ప్రవహించుచుండును. మాయ ఊడిపడగానే అన్ని రక్తనాళముల నోళ్లును ఒక్కసారి తెరచుకొనును. అప్పుడు రక్తము ఆపువారెవరు? గర్భకోశపు కండరమే. దాని పోగులు అడ్డదిడ్డముగా అల్లుకొని, ఆ సందులలో రక్తనాళములు సాగియున్నవి. కండరము బిగియగానే ప్రతి నాళమును ముడివేసినట్లు మూసికొనిపోవును. అలసిన కండరము బిగియనిచో నిమిషములలో ప్రాణాపాయము. రక్తము నిండుగా గల తల్లి అర లీటరు పోయినను తట్టుకొనును, రక్తహీనురాలు తట్టుకొనలేదు. ప్రసవము ఆసుపత్రిలోనే జరుగవలెననుటకు ముఖ్యకారణములలో ఇది యొకటి. 2018-20 నాటి లెక్కల ప్రకారము లక్ష సజీవ జననములకు దేశమున 97 మంది తల్లులు మరణింపగా తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. పూర్వముకంటె చాల తగ్గినది, సంతోషమే. కాని చనిపోయిన తల్లి బిడ్డలకు ఆ లెక్క యేమి ఓదార్పు?

రెండవ ప్రశ్నకు వత్తము. సంతాన నిరోధ శస్త్రచికిత్సలో అండవాహికలను మాత్రమే కోసి ముడివేయుదురు. అండాశయములను, గర్భకోశమును తాకరు. కావున అండము ఎప్పటివలెనే వెలువడును; దారి లేక ఒక దినములో శరీరముననే కరగిపోవును. కంటికి చుక్కవలె నగపడు వస్తువు గావున దానివలన ఏ బాధయు లేదు. కడుపులో పేరుకొనిపోవునన్న భయము నిరాధారము. ముట్టు ఎప్పటివలెనే వచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 సర్వే ప్రకారము వివాహిత స్త్రీలలో పదింట ఇంచుమించు ఏడుగురు ఈ శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. పురుషునకు చేయు శస్త్రచికిత్స ఇంతకంటె సులువైనది; అయినను దానికి ముందుకు వచ్చువారు అరుదు.

మూడవ ప్రశ్న మిక్కిలి గంభీరమైనది. పిల్లలైన తరువాత గర్భకోశముతో పని లేదని తలచి దానిని తొలగించుకొన్న స్త్రీల సంఖ్య దేశమంతటిలో మన తెలుగు రాష్ట్రములందే హెచ్చు. 2015-16 సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో దేశమున నూటికి ముగ్గురికి తొలగింపబడియుండగా, ఆంధ్రప్రదేశ్‌లో ఇంచుమించు తొమ్మండుగురికి, తెలంగాణలో ఎనమండుగురికి తొలగింపబడినది. వారిలో అనేకులకు నలుబది యేండ్లయినను నిండలేదు. చిన్ననాడే వివాహము, ఇరువది దాటగనే ఇద్దరు బిడ్డలు, ఇరువదియైదు లోపల కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స, ముప్పది దాటగనే గర్భకోశపు తొలగింపు. ఇది మన పల్లెలలోను, పేటలలోను ఒక వరుసగా సాగుచున్నది.

ఈ శస్త్రచికిత్సను మేము నిందించుట లేదు. పుట్టకురుపు సోకినప్పుడు, మందులకు లొంగని రక్తస్రావమున, పెద్ద కణితులు పెరిగినప్పుడు అది ప్రాణమును కాపాడును. కాని తెల్లబట్ట కొరకు, నడుమునొప్పి కొరకు, "ఎప్పుడో పుట్టకురుపు కావచ్చును" అను భయము కొరకు అవయవమును తీసివేయుట తగదు. తెల్లని జిగురు కొంత సహజమే. అండము వెలువడు దినములలో నీళ్లవలె పలుచగను, పిమ్మట చిక్కగను ఉండును. దుర్వాసన, దురద, రంగు మారుట, క్రిందిపొట్ట నొప్పి ఉన్నచో అది సూక్ష్మజీవుల వ్యాధి. అనేక సందర్భములలో కొలది దినముల మందుతో కుదురును. అవసరమైనచో భర్తకు గూడ మందు ఇయ్యవలెను. భార్యాభర్తల కలయిక పిమ్మట రక్తము కనబడినను, ముట్టుడిగిన తరువాత మరల కనబడినను ఆలస్యము చేయరాదు. గర్భాశయ కంఠపు పుట్టకురుపును ముందుగా కనుగొనుటకు ముప్పది యేండ్లు దాటిన స్త్రీలకు ఐదేండ్ల కొకమారు చేయదగిన సులభమైన పరీక్ష గలదు. దానికి కోత లేదు, పెద్ద నొప్పియు లేదు.

తొలగించినచో నష్టమేమి యందురా? అండాశయముల రెండవ పనిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గర్భకోశముతోబాటు అండాశయములను గూడ తీసివేసినచో ఈస్ట్రోజన్ ఒక్కసారి ఆగిపోవును. మన దేశమున సహజముగా 46, 47 ఏండ్లకు రావలసిన ముట్టుడుగుట ముప్పదియైదవ ఏటనే వచ్చిపడును. ఒంటి ఆవిర్లు, నిద్రలేమి ఆరంభమగును. ఎముకలలోని సున్నపు ధాతువు త్వరగా తరుగును. అండాశయములను ఉంచినను, వాని పని కొన్ని యేండ్లు ముందుగా తగ్గిపోవచ్చును. మన పేద స్త్రీల ఎముకలకు ఇట్టి నష్టమును భరించు శక్తి లేదు. తార్నాకలోని సంస్థకు చెందిన డాక్టర్ వీణా శత్రుఘ్న మొదలగువారు హైదరాబాదులోని అల్పాదాయ కుటుంబముల స్త్రీలను పరీక్షించి, వారి ఎముకల సాంద్రత సంపన్న దేశముల స్త్రీల కంటె తక్కువగా నున్నదని 2005లో ప్రకటించిరి. లాలాపేటలో పాలకేంద్రము గలదు. కాని ఇంటికి వచ్చిన పాలు పిల్లలకును, మగవారి టీకిని పోగా తల్లి వంతునకు వచ్చునది ఎంత? రాగిజావ, నువ్వులు, మజ్జిగ అయినను ఆమెకు దక్కవలెను.

ఈ సమస్యను ప్రభుత్వమును గుర్తించినది. అనవసరపు గర్భకోశ తొలగింపులను అరికట్టుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శక సూత్రములు వెలువరించినది. వానిని మూడు నెలలలో అమలు చేయవలసినదని రాష్ట్రములకు సుప్రీం కోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించినది. సూత్రములు కాగితముపై నున్నవి. ప్రశ్న మాత్రము స్త్రీ నోటనుండి రావలెను. తొలగింపవలెనని ఎవరైన చెప్పినచో మూడు మాటలు అడుగుడు. నా వ్యాధి పేరేమి? మందులతో గాని, చిన్న చికిత్సతో గాని కుదురదా? అండాశయములను ఉంచెదరా, తీసెదరా? సమాధానము తృప్తిగా లేనిచో మరియొక డాక్టరు అభిప్రాయము గైకొనుడు. తొందరపడవలసిన వ్యాధులు కొన్నియే. ఒక వారము ఆలోచించుటకు వ్యవధి సాధారణముగా నుండును.

మేము లాలాపేట తల్లికి ఈ మాటలే చెప్పితిమి. కొన్ని వారముల పిమ్మట ఆమె మరల కనబడినది. వేరొక డాక్టరమ్మ పరీక్ష చేసి, వారము దినముల మందు ఇచ్చినదట. భర్తకు గూడ ఇచ్చినదట. తెల్లబట్ట తగ్గినది. "ఎవరన్న ముందే చెప్తే మా అక్క గూడ తీయించుకోకపోవు" అని ఆమె మెల్లగా అన్నది. ఆమె అక్కకు ఇరువది తొమ్మిదవ ఏటనే గర్భకోశము తొలగించిరట. ఆ మాటకు మాయొద్ద సమాధానము లేకపోయెను.

శ్రోతలారా, నేటి ప్రసంగమునకు కారణము ఆ మాటయే. శరీరమును గూర్చి తెలిసికొనుట సిగ్గుమాలినతనము కాదు. ఇంట ఆడపిల్ల యున్నచో ఆమె ఈడేరుటకు పూర్వమే తల్లియో, పెద్దమ్మయో, మేనత్తయో చేరదీసి, జరుగబోవునది వ్యాధి కాదని చెప్పవలెను. తండ్రులును అన్నదమ్ములును విననిండు. ఇనుపమాత్ర మరచినప్పుడు గుర్తుచేయుటకు, ప్రసవవేళ బండి పిలుచుటకు, "ముందు నీవు తినుము" అనుటకు వారికి గూడ ఈ జ్ఞానము కావలెను.